తెగని రెండు గంటలు: ఒక అర్జీ వెనక చరిత్ర

అమీర్‌పేట అనగానే హైదరాబాదులో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది రద్దీ. మైత్రీవనం ముందు చేతుల్లోకి కరపత్రాలు తోసే కుర్రాళ్ళు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి నిలబడ్డ కోచింగ్ బోర్డులు, 2017 నవంబరు నుంచి నెత్తిమీదుగా పోతున్న మెట్రో రైళ్ళు. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఒక్క నిమిషం ఊరికే వదలరు. కానీ ఇదే అమీర్‌పేటలో నిశ్శబ్దాన్ని ఒక పనిముట్టులా వాడుకున్న చోటు కూడా ఒకటుంది. అది సారథి స్టూడియోస్. హైదరాబాదులో వెలిసిన తొలి సినిమా స్టూడియో. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా హైదరాబాదులోనే తీసిన తొలి తెలుగు సినిమాగా చరిత్రకెక్కింది. అది తయారైంది ఇక్కడే.

సినిమా స్టూడియోల్లో ఒక పద్ధతి ఉంది. ఫ్లోర్ తలుపు మీద ఎర్రదీపం వెలిగిందంటే ఎంతటివాళ్ళైనా బయటే ఆగాలి. లోపల తీస్తున్నది ఒక్క నిమిషం షాటే కావచ్చు. ఆ నిమిషం తెగకుండా ఉండటానికి లైట్‌బాయ్ నుంచి డైరెక్టర్ దాకా అందరూ ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఆ దీపం వెలగడానికి ఎవరూ ఎవరినీ బతిమాలుకోవాల్సిన పనిలేదు. పని జరగాలంటే కొంత సమయం తెగకుండా ఉండాలని ఒక పరిశ్రమ ఒప్పుకుని, ఆ ఒప్పుకోలుని తలుపుకి తగిలించింది. అదే వీధుల్లో కోర్సులు నేర్చుకుని ఉద్యోగాలకు వెళ్ళిన ఆడపిల్లలు అదే మాట అడిగితే ఏమవుతోంది? ఈ అడగడం ఎప్పటినుంచి ఉంది? ప్రతిసారీ ఎందుకు మొదటికొస్తోంది? ఈ ప్రశ్నల వెంట కొంత దూరం నడుద్దామని ఈ ప్రయత్నం.

నాకీ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు. మా పిన్ని కూతురు గేమ్ ప్రోగ్రామర్. పల్నాడు నుంచి వచ్చి, అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో ఉంటూ, ఇక్కడే కోర్సు చేసి, మొబైల్ ఫోన్ల కోసం ఆటలు తయారుచేసే ఒక కంపెనీలో చేరింది. ఇప్పటికీ అదే హాస్టల్లో ఉండి మెట్రోలో హైటెక్ సిటీకి వెళ్ళొస్తుంది. 2023లో ఒకరోజు ఫోన్ చేసి, “అక్కా, మా మేనేజర్‌కి ఒక మెయిల్ రాయాలి. నువ్వు సాహిత్యం చదివావు కదా, కోపం కనపడకుండా రాసిపెట్టు” అంది. ఆమె అడగదలచుకున్నది చాలా చిన్న విషయం. రోజూ పొద్దున పదినుంచి పన్నెండు దాకా తనని ఎవరూ పిలవకూడదు. మీటింగులు, చాట్ మెసేజీలు, కుర్చీ పక్కన నిలబడి “ఒక్క నిమిషం” అనడాలు ఉండకూడదు. ఆఫీసు భాషలో దీన్ని ఫోకస్ టైమ్ అంటారట.

జీతం పెంచమని అడగడానికి మాటలు దొరుకుతాయి. సెలవు అడగడానికి దొరుకుతాయి. నన్ను కాసేపు పిలవకండి అని అడగడానికి మాత్రం ఆ పిల్లకి మాటలు దొరకలేదు. రాయబోతే నాకూ దొరకలేదు. “వీలైతే”, “మీకు ఇబ్బంది లేకపోతే”, “అర్జెంట్ అయితే తప్పకుండా పలుకుతాను” అన్న మాటలే ముందుకొచ్చాయి. మాటలే దొరకని కోరికకి వెనక పెద్ద చరిత్ర ఉంటుందని సాహిత్య పరిశోధన నాకు నేర్పింది.

ముందు ఆమె పని ఏమిటో అర్థం చేసుకోవాలి. ఆటలో ఒక పాప గోడ మీంచి దూకుతుంది. మనకు కనిపించేది ఒక్క గెంతు. దాని వెనక వేలు తెరని తాకిన సంగతి గుర్తించడం, గెంతు ఎత్తు లెక్క, గోడ అంచు తగిలిందో లేదో చూడటం, కాళ్ళ కదలిక, నేల తాకగానే చప్పుడు అన్నీ వరసగా జరగాలి. సెకనుకి 60 బొమ్మలు తెరమీదికి రావాలంటే ఒక్కో బొమ్మకి దొరికేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ఎక్కడో ఒక అడుగు ఆలస్యమైతే గెంతు తడబడుతుంది. ఎక్కడ తడబడుతోందో వెతికే మనిషి ఈ గొలుసంతటినీ ఒకేసారి తలలో నిలబెట్టుకోవాలి. పేకమేడలా కట్టుకుంటూ పోతుంటే పక్కనుంచి ఎవరో “నిన్నటి బిల్డ్ ఎక్కడ పెట్టావ్?” అంటారు. జవాబు చెప్పడానికి పట్టేది అర నిమిషం. కూలిన మేడ మళ్ళీ కట్టుకోవడానికి పట్టే సమయం ఎవరి లెక్కలోకీ రాదు.

ఇందులో ఒక చేదు చమత్కారం ఉంది. కంప్యూటర్ పాఠాల్లో ‘ఇంటరప్ట్’ అని ఒక అధ్యాయం ఉంటుంది. ప్రాసెసర్ ఒక పనిలో ఉండగా ఇంకో పిలుపు వస్తే, అది తాను ఎక్కడ ఆగిందో ముందు భద్రంగా రాసిపెట్టుకుంటుంది. పిలిచిన పని ముగించి సరిగ్గా అక్కడికే తిరిగొస్తుంది. మరీ సున్నితమైన పనిలో ఉంటే చాలా పిలుపులని కాసేపు అడ్డుకునే వీలు కూడా దానికిచ్చారు. దాన్ని మాస్కింగ్ అంటారు. యంత్రానికి ఇచ్చిన ఈ మర్యాద దాన్ని నడిపే మనిషికి లేదు. మా చెల్లికి ఇది చెప్తే నవ్వి, “అడ్డుకోవడానికి వీల్లేని పిలుపులు కూడా ఉంటాయక్కా, వాటిని నాన్ మాస్కబుల్ అంటాం. మా అమ్మ ఫోన్ అలాంటిది” అంది.

పిలుపులు అందరికీ వస్తాయి కదా అనొచ్చు. నిజమే. కానీ అందరికీ ఒకే రకంగా రావు. ఆమె ఒక మంగళవారం పొద్దుటి చిట్టా రాసి పంపింది. కొత్తగా చేరిన కుర్రాడికి పాత కోడ్ వివరించడం. టెస్టింగ్ వాళ్ళకీ ఆర్ట్ వాళ్ళకీ మధ్య మాట పట్టింపు వస్తే సర్దిచెప్పడం. మీటింగులో నోట్స్ రాసి అందరికీ పంపడం. ఎవరిదో పుట్టినరోజుకి కేకు డబ్బులు వసూలు చేయడం. పక్క టీము వాళ్ళు పంపిన ఇంగ్లీషు సరిచూడటం. వీటిలో ఏదీ ఆమె ఉద్యోగ పత్రంలో లేదు. మేనేజర్‌ని అడిగితే మెచ్చుకోలుగానే, “నువ్వైతే విసుక్కోవమ్మా, అందుకే అందరూ నీ దగ్గరికే వస్తారు” అన్నాడట. ఆయన చెడ్డవాడేం కాదు. ఇంట్లో అమ్మని చూసినట్టే ఆఫీసులోనూ ఒక అమ్మని చూస్తున్నాడు, అంతే.

అమెరికాలో జాయిస్ ఫ్లెచర్ అనే పరిశోధకురాలు మహిళా ఇంజనీర్ల వెంట ఉండి వాళ్ళ పనిదినాలని గమనించి 1999లో ‘డిసప్పియరింగ్ యాక్ట్స్’ అనే పుస్తకం రాసింది. పని ముందుకు కదలడానికి ఆ స్త్రీలు చేసే సర్దుబాట్లు, నేర్పడాలు, కలపడాలు పనిగా లెక్కకి రాకుండా ఎలా మాయమవుతాయో అందులో చూపించింది. అవి ‘మంచితనం’ ఖాతాలో పడిపోతాయి. మనం ఇంటిపని గురించి దశాబ్దాలుగా చెప్తున్న మాటే ఇది. ఇల్లు మారింది, అద్దాల గోడలు వచ్చాయి, ఖాతా మాత్రం మారలేదు.

ఇంటి లెక్క కూడా ఒకసారి చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2019లో దేశమంతటా చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు అందులో గడుపుతున్నారు. అదే పని చేసే మగవాళ్ళు గడిపేది 97 నిమిషాలు. 2024 సర్వేలో ఈ అంకెలు 289, 88 అయ్యాయి. ఈ నిమిషాలు ఒక్క ముక్కగా ఉండవన్నది అంకెల్లో కనిపించదు. పాలు పొంగడం, తలుపు కొట్టడం, పిల్లాడు ఏడవడం, మామగారి మందుల వేళ, ఇలా రోజంతా తునకలుగా పడి ఉంటాయి. మిగిలిన సమయం కూడా అందుకే తునకలుగానే మిగులుతుంది. ఎంత సమయం దొరికింది అన్న ప్రశ్న పక్కనే, అది ఏ ఆకారంలో దొరికింది అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

ఈ రెండో ప్రశ్నని ఆడవాళ్ళు చాలాకాలం నుంచీ వేస్తున్నారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1852లో రాసిన ‘కసాండ్రా’ అనే వ్యాసంలో ఆమె కోపమంతా దీనిమీదే. ఆడవాళ్ళ సమయం ఎవరైనా వచ్చి తీసుకుపోగలిగినది, వాళ్ళకి తమదని చెప్పుకోవడానికి అరగంట కూడా ఉండదు అన్నది అందులో ఆమె బాధ. ఆ వ్యాసం 1928లో గానీ జనంలోకి రాలేదు. మరుసటి ఏడు వచ్చిన ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’లో వర్జీనియా ఉల్ఫ్ ఆ మాటని గుర్తు చేసుకుంది. జేన్ ఆస్టిన్ అందరూ తిరిగే ముందుగదిలో కూర్చుని నవలలు ఎలా రాయగలిగింది అని ఆశ్చర్యపోతున్న చోట అది వస్తుంది. ఉల్ఫ్ అడిగిన గది గురించి మనం చాలా రాసుకున్నాం. ఆ గదికి గడియ ఎందుకు కావాలో అంతగా రాసుకోలేదు. గది చోటుని ఇస్తుంది. తలుపు గడియ సమయాన్నిస్తుంది.

మన దగ్గర భండారు అచ్చమాంబ ఉంది. 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, బడి గడప తొక్కకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతో పాటు తానూ చదువుకుని, తెలుగుతో పాటు హిందీ, మరాఠీ కూడా నేర్చుకుంది. సంసారం మీద పెట్టుకునే, బిడ్డల్ని పోగొట్టుకున్న దుఃఖంలోనే, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల చరిత్రని పోగుచేసింది. 1905లో ముప్పై ఏళ్ళు దాటగానే చనిపోయింది. తెలుగులో స్త్రీల చరిత్ర రాయబూనిన తొలి రచయిత్రి చేతికి సమయం ఏ ఆకారంలో దొరికి ఉంటుందో ఊహించడం మనకి కష్టం కాదు. ఒక శతాబ్దం దాటినా మనలో చాలామందిమి రాసుకునేది ఇల్లంతా పడుకున్నాకే కదా.

అబ్బూరి ఛాయాదేవి ‘సుఖాంతం’ కథ ఇంకో కొస చూపిస్తుంది. అందులో స్త్రీ జీవితమంతా ఆశపడేది ఎవరూ లేపని నిద్ర కోసం. పుట్టింట్లో, అత్తింట్లో, పిల్లలు పుట్టాక, ఎప్పుడూ ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు. కథ పేరులో ఉన్న సుఖం ఎంత విషాదమో చదివినవాళ్ళకి తెలుసు. పని కోసమైనా, నిద్ర కోసమైనా కోరిక ఒకటే: తెగకుండా కాసేపు. దాన్ని అడగడం సోమరితనంగానో స్వార్థంగానో వినిపించేలా మన చెవులు తయారై ఉన్నాయి.

కార్మిక చరిత్ర వైపు తిరిగి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. మిల్లు కార్మికులు పోరాడింది విరామం కోసం. 1891 ఫ్యాక్టరీ చట్టం స్త్రీల పనిని రోజుకి 11 గంటలకి పరిమితం చేసి, అందులో గంటన్నర విశ్రాంతి ఇవ్వాలంది. 1948 ఫ్యాక్టరీల చట్టం అయిదు గంటలకి మించి ఎవరితోనూ ఏకబిగిన పని చేయించకూడదనీ, మధ్యలో కనీసం అరగంట విరామం ఉండాలనీ చెప్పింది. అక్కడ యంత్రం ఆగదు, మనిషికి ఆగే హక్కు కావాలి. మా చెల్లి ఆఫీసులో సంగతి తిరగబడింది. అక్కడ ఆపడాలే ఆగవు, ఆగకుండా పనిచేసుకునే హక్కు కావాలి. రెండూ ఎదురెదురుగా కనిపించినా మూలం ఒకటే. పనిలో లయని ఎవరు నిర్ణయిస్తారు, చేసే మనిషా, చేయించే మనిషా అన్నదే ఆ మూలం. చట్టం సమయం పొడవుని కొలవడం నేర్చుకుంది. సమయం నిండుతనాన్ని కొలవడం ఇంకా నేర్చుకోలేదు.

పొడవు విషయంలో కూడా మన రాష్ట్రంలో పట్టు సడలుతూనే వచ్చింది. 1988 దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళల నిబంధనల నుంచీ, స్త్రీల రాత్రిపని నిబంధనల నుంచీ ఐటీ కంపెనీలకు షరతులతో మినహాయింపులు ఇస్తూ వచ్చారు. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటలు, వారానికి 48 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. పగలు ముక్కలైతే పని ఎక్కడికి పోతుంది? సాయంత్రంలోకి, రాత్రిలోకి జారుతుంది. రాత్రిని ఆఫీసుకి ఇవ్వగలిగేది ఇంట్లో వంటా పిల్లలూ ఇంకెవరో చూసుకుంటున్న మనిషే. అలా పొద్దుటి అంతరాయానికీ, పెళ్ళైన కొన్నేళ్ళకి ఉద్యోగం మానేసే ఆడవాళ్ళకీ మధ్య ఒక దారి ఉంది. ఆఫీసుల్లో దాన్ని ‘కుటుంబ కారణాలు’ అంటారు.

ఈ పరిశ్రమకి మన ఊళ్ళో పునాది పడిన తీరు కూడా ఇందులో భాగమే. 1990ల చివర వై2కె పనుల గిరాకీతో అమీర్‌పేట శిక్షణ సంస్థలు పుట్టగొడుగుల్లా లేచాయి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ మొదలైంది. చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ ఇక్కడ తిరిగి, 2007లో అచ్చైన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ పుస్తకంలో ఈ వ్యాపారాన్ని విప్పి చూపించాడు. ఐటీ ఉద్యోగం కోసం కుర్రవాళ్ళ మీద పెట్టే ఖర్చులో కోస్తా పల్లెల మిగులూ, కట్నం డబ్బూ ఎలా కలిసి ఉన్నాయో రాశాడు. అంటే ఈ పరిశ్రమకి మనుషులు తయారవడంలో ఆడవాళ్ళ ఇంటిచాకిరీ, ఆడపిల్లల తల్లిదండ్రుల కట్నం కూడా పెట్టుబడే. ఆ ఆడపిల్లలే తర్వాత కోర్సు ఫీజు కట్టి, తామే వచ్చి కుర్చీలో కూర్చున్నప్పుడు, ఆ కుర్చీ చుట్టూ ఉన్న అలవాట్లు ముందే ఖాయమైపోయి ఉన్నాయి.

ఆటల తయారీ చరిత్రలో ఆడవాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళేం కాదు. 1980లో రాబర్టా విలియమ్స్ ఇద్దరు చిన్నపిల్లల తల్లిగా వంటింటి బల్ల మీద ‘మిస్టరీ హౌస్’ ఆటకి కథా బొమ్మలూ తయారుచేసింది. కోడ్ భర్త రాశాడు. 1982లో కరోల్ షా ‘రివర్ రెయిడ్’ని ఒంటరిగా ప్రోగ్రామ్ చేసింది. నాలుగు కిలోబైట్ల చోటులో ఒక నది మొత్తాన్ని ఇమిడ్చిన నేర్పు అది. ఇక ఈ పరిశ్రమలో పనిగంటల మీద అందరికంటే గట్టిగా వినిపించిన ఫిర్యాదు 2004 నవంబరులో ఒక స్త్రీ రాసిందే. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీలో పనిచేసే తన కాబోయే భర్త వారానికి ఏడు రోజులూ ఆఫీసులోనే ఉండిపోతుంటే, ఎరిన్ హాఫ్‌మన్ పేరు దాచుకుని ఒక బహిరంగ లేఖ రాసింది. ఆ కంపెనీ మీద నడిచిన దావాల్లో ఆర్టిస్టులకి 1 కోటి 56 లక్షల డాలర్లు, ప్రోగ్రామర్లకి 1 కోటి 49 లక్షల డాలర్లు ఇచ్చి 2005, 2006లలో రాజీ కుదుర్చుకున్నారు. లోపల ఉన్న మగవాళ్ళు చెప్పుకోలేనిది ఇంట్లో ఎదురుచూసే మనిషి చెప్పింది. సమయం ఎక్కడ తెగుతోందో ముందు తెలిసేది తెగిన చివర పట్టుకున్నవాళ్ళకే.

కంపెనీలకి ఈ సంగతులు తెలియవని అనుకోవద్దు. టామ్ డిమార్కో, తిమోతీ లిస్టర్ 1987లో రాసిన ‘పీపుల్‌వేర్’ సాఫ్ట్‌వేర్ మేనేజర్లలో చాలామందికి పరిచయమైన పుస్తకం. వాళ్ళు ప్రోగ్రామర్ల మధ్య పెట్టిన పోటీల్లో వెనకబడ్డ నాలుగోవంతు మందిలో 76 శాతం మంది, అనవసరంగా తమని తరచూ ఆపుతున్నారని చెప్పారు. ముందున్న నాలుగోవంతులో ఆ మాట అన్నవాళ్ళు 38 శాతం. నలభై ఏళ్ళుగా తెలిసిన విషయాన్ని ఒక అమ్మాయి ఇంకా “వీలైతే” అంటూ అడగాల్సి రావడమే అసలు ప్రశ్న.

దీనికి నాకు దొరికినంతలో మంచి జవాబు లెస్లీ పెర్లో పరిశోధన. ఆమె అమెరికాలో ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ బృందంతో తొమ్మిది నెలలు గడిపింది. ఇంజనీర్లు పగలంతా ఒకరినొకరు ఆపుకుంటూ, అసలు పనిని రాత్రికీ శని ఆదివారాలకీ నెట్టుకుంటున్నారని చూసింది. 1999లో అచ్చైన పత్రంలో ఆ పరిస్థితికి ‘సమయ కరువు’ అని పేరు పెట్టింది. కరువనే మాట తెలుగువాళ్ళకి బాగా అర్థమవుతుంది. వాన తక్కువ పడటంతోనే కరువు రాదు, ఉన్న నీళ్ళు ఎవరి పొలానికి మళ్ళాయన్నది కూడా ఉంటుంది. పెర్లో ఆ బృందంలో ఒక ప్రయోగం చేయించింది. వారంలో మూడురోజులు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎవరూ ఎవరినీ కదపకూడదు. అందరికీ ఒకే వేళ, ఒకే నియమం. పని సాగింది, సరుకు వేళకి బయటికొచ్చింది. కానీ పరిశోధకురాలు వెళ్ళిపోయాక ఆ నియమం నిలవలేదు. ఎందుకంటే కంపెనీలో మెప్పు పొందే పద్ధతి మారలేదు. ఆఖరి క్షణంలో పరిగెత్తి మంట ఆర్పినవాడే వీరుడు. మంట పుట్టకుండా చూసిన మనిషి ఎవరికీ కనపడదు.

ఇందులో నాకు రెండు సంగతులు ముఖ్యమనిపించాయి. ఒకటి, తెగని సమయం ఒక్కరికి ఇచ్చిన రాయితీగా నిలవదు. ఒక్కరికి ఇస్తే, ఆమెకి రావాల్సిన పిలుపులు పక్క కుర్చీకి పోతాయి. ఆ పక్క కుర్చీలో ఉండేది ఇంకా చిన్న ఉద్యోగి, బహుశా ఇంకో అమ్మాయి. ఇంట్లో మనకి దొరికిన నిశ్శబ్దానికి వెనక పనిమనిషి గొంతు ఉన్నట్టే. రెండోది, ఆ సమయాన్ని వాడుకున్నవాళ్ళకి తర్వాత శిక్ష పడకూడదు.

మా చెల్లి మొదటి మెయిల్‌కి జవాబు వెంటనే వచ్చింది. సరేనన్నారు. మొదటి మూడు వారాలు హాయిగా గడిచాయి. తర్వాత ఆ ఏడాది సమీక్షలో ‘టీముకి అందుబాటు తగ్గింది’ అని ఒక వాక్యం చేరింది. తన గెంతు లెక్కల్లో ఏళ్ళతరబడి ఉన్న బగ్ ఆ మూడు వారాల్లోనే పోయిందన్న సంగతి అందులో లేదు. వ్యక్తిగతంగా అడిగింది కాబట్టి దాని ఖరీదు కూడా వ్యక్తిగతంగానే కట్టించుకున్నారు.

రెండోసారి రాసినప్పుడు అందులో ‘నేను’ అన్న మాట లేదు. అంతకుముందు ఆమె టీములో ఒక్కొక్కరితో క్యాంటీన్‌లో కూర్చుని మాట్లాడింది. తొమ్మిది మందిలో ఏడుగురు సంతకం చేశారు. అడిగినవి మూడు. మంగళ, గురువారాల్లో పదినుంచి పన్నెండు దాకా టీములో ఎవరినీ ఎవరూ పిలవకూడదు. ఆ వేళలో బయటినుంచి వచ్చే ప్రశ్నలకి పలకడానికి వంతులవారీగా ఒక మనిషి ఉండాలి. ఆ వంతుని పనిగా నమోదు చేయాలి. “అందరూ మాట్లాడటం మానేస్తే టీమెలా అవుతుంది?” అని మేనేజర్ సందేహపడ్డాడట. పిలవకూడనివి వారం మొత్తం మీద నాలుగు గంటలేనని లెక్క చూపించారు.

వంతు మొదలయ్యాక జరిగింది నాకు అన్నిటికంటే నచ్చింది. తమ వంతు వచ్చిన రోజున ఇద్దరు మగ సహోద్యోగులు మధ్యాహ్నానికి అలిసిపోయి, “రోజూ ఇన్ని వస్తాయా?” అని అడిగారట. అంతకాలం ఆ ప్రశ్నలు ఎక్కడికి వెళ్ళేవో వాళ్ళకి తెలియదు. ఒక మనిషి మంచితనంలో దాక్కున్న పని మొదటిసారి బయటికొచ్చి, ఒక పట్టికలో పేరూ తేదీతో నిలబడింది. ఫ్లెచర్ చెప్పిన మాయమైన పని అలా ఒక గళ్ళ కాగితం మీద కనిపించింది.

ఇది గెలుపు అని రాయడానికి నేను తొందరపడను. ఆటని విడుదల చేసే నెలలో ‘ఈ ఒక్కసారికి’ అని ఆ రెండు పొద్దుటిపూటలూ ఆపేశారు. ‘ఈ ఒక్కసారి’ ఎంత పాత మాటో మనకి తెలుసు. నెల దాటాక వీళ్ళు ఊరుకోకుండా అడిగి మళ్ళీ మొదలుపెట్టించారు. సమీక్షలో చేరిన ఆ వాక్యం ఇంకా తీసేయలేదు. దానిమీద ఇంకో మెయిల్ తయారవుతోంది. ఈసారి నన్ను రాసిపెట్టమని అడగలేదు. తానే రాసి, చదవమని పంపింది. అందులో ఎక్కడా “వీలైతే” లేదు. మార్చడానికి నాకేమీ కనపడలేదు.

అచ్చమాంబ నుంచి ఈ పిల్ల దాకా అడుగుతున్నది ఒకటే అయినా, అడిగే తీరులో ఒక మార్పు వచ్చింది. అప్పుడు రాత్రి నిద్రలోంచి దొంగిలించుకున్నాం. తర్వాత గది అడిగాం. ఇప్పుడు నియమం అడుగుతున్నాం, దానితో పాటు ఆ నియమం మోపే బరువుని వంతులవారీగా పంచమని అడుగుతున్నాం. ఇళ్ళలో కూడా ఇలాంటి పట్టిక ఒకటి గోడకి తగిలించి, తలుపు కొట్టినప్పుడూ పాలు పొంగినప్పుడూ ఎవరి వంతో రాసి చూడొచ్చు. ఒక్క వారం చాలు. ఎవరు మధ్యాహ్నానికే అలిసిపోతారో తెలుస్తుంది.